వీపు మీద ఊదా గుర్తు

ఆ ఉదయం మత్తు డాక్టరమ్మ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. తొమ్మిదింటికి ఒక కాన్పు ఆపరేషను. నడుముకు మత్తు సూది వేసే ముందు వీపు మీద స్కానింగ్ చేసి, ఎముకల మధ్య సందు ఎక్కడుందో తెర మీద చూసి, అక్కడ ఊదా రంగు పెన్నుతో గుర్తు పెట్టాలి. అంతే. ఈమాత్రం దానికి పెద్ద డాక్టరుగారిని నెల రోజులు బతిమాలుకోవలసి వచ్చింది.

"ముప్పై ఏళ్లుగా వేళ్లతో తడిమే వేస్తున్నానమ్మా. సరే, ఒక్కరోజు చూడు. తేడా వచ్చిందా, ఆ మెషిన్ని స్టోర్ రూములో పడేస్తా," అన్నారాయన.

గర్భిణికి వెన్ను కాస్త వంకర. మొదటి కాన్పులో ఏడుసార్లు గుచ్చి, సందు దొరక్క, చివరికి పూర్తిగా మత్తిచ్చి పడుకోబెట్టేశారు. "అందరూ విన్నారు డాక్టరుగారూ, దాని మొదటి ఏడుపు. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా విన్నాట్ట. కన్నతల్లిని, నేనే వినలేదు," అందామె కళ్లనీళ్లు పెట్టుకుని. ఈసారి ఎలాగైనా ఈమెకు వినిపించి తీరాలని డాక్టరమ్మ గట్టిగా అనుకుంది.

"ముందు ఆ స్కానింగేదో మా ఆయన మీద చేసి చూపించండి," అంది గర్భిణి. ఆ భర్త బుద్ధిమంతుడు. ఆస్పత్రిలో ఎవరేం చెబితే అది చెయ్యాలనీ, ఎదురు ప్రశ్నలు వెయ్యకూడదనీ భార్య ఇంటి దగ్గరే చెప్పి తీసుకొచ్చింది. నోరు మెదపకుండా చొక్కా విప్పి కూర్చున్నాడు. చల్లటి జెల్ తగలగానే మాత్రం "అమ్మ బాబోయ్!" అని ఒక్క గెంతు గెంతాడు. సీసా ఎగిరి ఆయన చొక్కా మీదే పడింది. డాక్టరమ్మ ఎలాగో సందు చూపించి, ఆ ఊపులో గుర్తు కూడా పెట్టేసింది. చొక్కా జిడ్డోడుతుంటే నర్సు జాలిపడి, వెనక తెరిచి ఉండే ఆస్పత్రి గౌను ఒకటి ఇచ్చింది.

కొంప అక్కడే మునిగింది. "వీపు మీద ఊదా గుర్తుంటే చాలు, తిన్నగా థియేటర్‌కి తీసుకెళ్లిపో," అని స్ట్రెచర్ తోసే ఆయనకు డాక్టరమ్మే పొద్దున్న చెప్పింది. ఆస్పత్రిలో అందరూ ఆయన్ని ఎక్స్‌ప్రెస్ అంటారు. ఎక్స్‌ప్రెస్ వరండాలో గౌను చూశాడు, గుర్తు చూశాడు. మగ మనిషి కాబట్టి రెండో థియేటర్లో హెర్నియా కేసు ఇతనే అనుకున్నాడు. "పడుకోండి," అన్నాడు. భర్త పడుకున్నాడు.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చేసరికి మొదటి థియేటర్ గుమ్మంలో గర్భిణి తల్లి గుండెలు బాదుకుంటోంది. "నీ మొగుణ్ణి ఆపరేషన్‌కి తీసుకుపోయారే! అల్లుడికేం రోగమో మాకొక్క ముక్క చెప్పలేదు!"

"ఆయన్ని కళ్లారా చూస్తేగానీ నేను సూది వేయించుకోను," అని గర్భిణి బల్ల దిగింది.

డాక్టరమ్మ పరుగు పెట్టింది. రెండో థియేటర్లో భర్త ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. పెద్ద డాక్టరుగారు సూది చేతబట్టి, ప్రతిసారీ అడిగినట్టే అడుగుతున్నారు. "మీకు ఇవాళ ఏం ఆపరేషను?"

"కాన్పండి."

సూది గాల్లోనే ఆగిపోయింది. "ఎవరికి?"

"మా ఆవిడకేనండి. ఇక్కడ ఇద్దరికీ వేస్తారేమో అనుకున్నాను."

పెద్ద డాక్టరుగారు ఎర్రగా చూశారు. "స్టోర్ రూము!" అని ఒక్క అరుపు అరిచి, భర్తను వెంటబెట్టుకుని మొదటి థియేటర్‌కి నడిచారు. మొగుణ్ణి చూశాక గర్భిణి శాంతించి బల్లెక్కి కూర్చుంది. "జరుగమ్మా, నేనే వేస్తాను," అన్నారాయన.

డాక్టరమ్మ మాత్రం జరగలేదు. "ఒక్కసారి ఎక్కడ గుచ్చుతారో వేలు పెట్టి చూపించండి సార్."

ఆయన చూపించారు. అక్కడ స్కాన్ పెడితే తెర మీద ఎముక అడ్డంగా కనిపించింది. కాస్త కిందికి జరిపారు. అక్కడా ఎముకే. సందేమో వేలెడు దూరంలో, పక్కకు తప్పుకుని ఉంది. ఆయన వేలు వెనక్కి తీసుకున్నారు.

"నువ్వే వెయ్యి," అన్నారు మెల్లగా.

ఒక్క పోటు. "ఇంకా ఎప్పుడు గుచ్చుతారండీ?" అంది గర్భిణి కళ్లు గట్టిగా మూసుకుని.

"అయిపోయిందమ్మా!"

ఆమె నమ్మలేక నవ్వేసింది. పెద్ద డాక్టరుగారికీ హుషారొచ్చి, కొత్త సూది ఒకటి భర్త కళ్ల ముందు పెట్టారు. "ఇందాక నీకు వెయ్యబోయింది ఇలాంటిదేనయ్యా." భర్త దాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు.

పావుగంటకు బిడ్డ థియేటర్ దద్దరిల్లేలా ఏడిచింది. "విన్నాను డాక్టరుగారూ, నేనే ముందు విన్నాను!" అని తల్లి ఏడుస్తూ నవ్వుతుంటే డాక్టరమ్మ మాస్కు తడిసిపోయింది. పెద్ద డాక్టరుగారు గోడ వంక చూస్తూ, "రేపు ఆ మెషిను నా థియేటర్లో పెట్టించు," అన్నారు.

ఈసారి ఆ ఏడుపు విననిది ఒక్క భర్తగారే. సూది చూసిన దగ్గర్నుంచీ ఆయన వరండాలో స్ట్రెచర్ మీద స్పృహ లేకుండా పడున్నారు.