కోడలి దద్దుర్లు, మావగారి రాకియా

పెళ్ళయి నెల తిరక్కుండానే దూన్యాకి జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. అయినా ఆ ఉదయం ఆమె హుషారుగానే లేచింది. మర్నాడు స్లావా, ఇంటిని కాచే సాధువు పేర ఏటా చేసే పండుగ. పండుగ రొట్టె ఈసారి తన చేత్తోనే చేయాలని ఆమె ముచ్చట. "ఒంట్లో బాగోకపోతే వచ్చే ఏడు చేద్దువుగానిలే" అంటూ అత్తగారు దెసాంకా అప్పటికే పిండిగిన్నె తనవైపు లాక్కుంది.

మొహం కడుక్కుంటూ దూన్యా అద్దంలో చూసుకుంది. మెడ నుంచి పొట్టదాకా దద్దుర్లు!

"ఓగ్నెన్! నా మీద ఎవరో కారం చల్లేశారు!"

భర్త పరుగెత్తుకొచ్చాడు. "నాన్న రాకియాలో గుడ్డ తడిపి నీ ఛాతీకి కట్టాడుగా, ఆ సారా ఘాటుకే పొక్కుంటుంది" అన్నాడు గట్టిగా.

గట్టిగా అనడమే కొంప ముంచింది. వంటింట్లో మావగారు రాదోసావ్ చేతిలో కాఫీ కప్పు గాల్లోనే ఆగిపోయింది.

"నా రాకియానా? ఈ వీధి వీధంతా దగ్గొస్తే అదే రాసుకుంటుంది. ఎవడికైనా ఒక్క పొక్కు లేచిందిరా?"

"గాలి కొట్టింది" అంది దెసాంకా. "రెండు కిటికీలూ ఒకేసారి తెరవొద్దంటే వింటేగా!"

"గాలికి దద్దుర్లు రావమ్మా!"

"మీ నాన్న పరువు తీయడానికి రాకియాకి మాత్రం వస్తాయేం?"

రాదోసావ్ సీసా తీసుకుని పెరట్లోకి నడిచాడు. ఆ చలిలో చొక్కా విప్పి ఛాతీకి రాసుకోవడం మొదలెట్టాడు.

పక్కింటి మిలుతిన్ గోడ మీంచి తొంగిచూశాడు. "ఇదేం అవతారం బావా?"

"పరీక్ష!"

"పైన రాస్తే ఏం తెలుస్తుంది? లోపల కూడా చూడాలి" అంటూ మిలుతిన్ గోడ దూకాడు. కాసేపటికి పెరడంతా పరీక్షకులే. పాటలు కూడా అందుకున్నారు. మొగుళ్ళని లాక్కెళ్ళడానికొచ్చిన ఆడవాళ్ళు దద్దుర్ల సంగతి విన్నారు. వాళ్ళు వీధి మలుపు తిరిగేసరికి అది తట్టు అయిపోయింది.

స్లావాకి ఎవర్నీ పిలవరు, అందరూ వస్తారు. అలాంటిది, రామని చెప్పడానికి ఫోన్లు మొదలయ్యాయి.

"నా కోడలి మొదటి స్లావాకి సాధువుగారొక్కడే కూర్చుంటాడు కాబోలు!" దెసాంకా ముక్కు చీదింది. దూన్యాకీ ఏడుపొచ్చింది.

ఓగ్నెన్ వెళ్ళి డాక్టరమ్మని తీసుకొచ్చాడు. ఆమె చేతిలో ముందురోజు దూన్యాకి చేసిన రక్తపరీక్ష ఫలితం ఉంది. దూన్యా మెడకింద వాచిన బిళ్ళలు నొక్కి చూసి, "మందులేమైనా వాడావా?" అని అడిగింది.

"లేదండీ. గొంతుకని అత్తయ్య రోజూ ఇచ్చే మాత్రలే."

"అవి మందులేమిటి డాక్టరమ్మా!" అంది దెసాంకా, ఏప్రాన్ జేబులోంచి అట్ట తీస్తూ. "ఈయన పంటినొప్పికి కొన్నవి మిగిలాయి. పారేయడమెందుకని..."

డాక్టరమ్మ అట్ట చదివి నిట్టూర్చింది. "అమాక్సిసిలిన్! ఈ జ్వరం వైరస్ వల్ల వచ్చింది, దీనికది పనిచేయదు. పైగా ఈ జ్వరంలో అది మింగితే ఇలాగే దద్దుర్లు లేస్తాయి. ఆపేయండి, తగ్గిపోతాయి. ఇది తట్టూ కాదు, రాకియా తప్పూ కాదు."

పెరట్లో చప్పట్లు మోగాయి. దెసాంకా పిండిగిన్నె తెచ్చి సోఫా పక్కన పెట్టింది. "నువ్వు కూర్చుని చెప్పమ్మా. నేను పిసుకుతాను. రొట్టె నీదే."

"ఇంకాస్త గట్టిగా అత్తయ్యా!" అంది దూన్యా, గిన్నెలో నీళ్ళయినా పోయకముందే.

"ఇంతకీ ఇది ఎలా అంటుకుంటుంది డాక్టర్?" అన్నాడు ఓగ్నెన్.

"ఎంగిలి వల్ల. ముద్దుల జబ్బంటారు. కొన్ని వారాలు ముద్దులు బంద్."

ఒంట్లో ఏ నలతా లేని ఓగ్నెన్ ఆ మాట వినగానే మంచమెక్కాడు.