ఉగ్గుగిన్నె తరుగు

ఒక పెద్ద అడవిలో దొంగల బెడద లేదు. ఉన్నదల్లా ఒక వెండి కొట్టు.

దాని యజమాని జంబులయ్య అనే నక్క. నుదుటిన విభూతి, నోట తేనె. పక్కన త్రాసు, త్రాసు వెనక వెండి కరిగించే కుంపటి. ఆ కుంపట్లో నిప్పు రాజేసి పదేళ్ళయింది. అయినా దాని పేరు చెప్పుకునే జంబులయ్య రెండు గుహలు సంపాదించాడు.

ఆ ఏడు వానలు దగ్గరపడుతుంటే ఏదుపంది ఈరమ్మ గుండెల్లో రాయి పడింది. ఆమె బొరియ వాగు ఒడ్డున ఉంది. పోయినేడు వరదకి పిల్లలు కొట్టుకుపోబోయి బతికారు. గుట్ట మీద ఉడుము తన బొరియ అమ్ముతానంది, ముప్పై తేనెపట్లకి. ఆ అడవిలో తేనెపట్టే డబ్బు. ఈరమ్మ దగ్గర ఉన్నదేమో పుట్టింటివాళ్ళు పెట్టిన వెండి ఉగ్గుగిన్నె ఒక్కటే.

"రా అక్కా, రా! ఎన్నాళ్ళకెన్నాళ్ళకి!" అన్నాడు జంబులయ్య, ఆమె మొహం చూడకుండా గిన్నె చూస్తూ.

గిన్నె నలభై తులాలు తూగింది. తులానికి ఒక పట్టు. ఈరమ్మ మనసులోనే గుట్ట ఎక్కేసింది.

"మురికికి రెండు తీసేద్దాం. పిడి దగ్గర అతుకు ఉంది, దానికి నాలుగు. టంచు తక్కువ, అంటే వెండి శుద్ధం కాదన్నమాట. దానికి ఏడు. కరిగిస్తే తరుగు పోతుంది, అయిదు."

"వెండి కరిగితే ఎక్కడికి పోతుందయ్యా?"

"పైకి పోతుందక్కా."

"పైన ఎవరున్నారు?"

జంబులయ్య ముందుకాళ్ళు జోడించి ఆకాశంకేసి చూశాడు. ఇక ఆ మాట పెంచడానికి ఈరమ్మకు ధైర్యం చాలలేదు.

"పోనీ, కరిగించకుండా అమ్ముకో."

"ఎలా అక్కా? అంచున ఈ రెండు గంట్లు చూడు."

"మా బుడ్డోడికి పళ్ళొచ్చినప్పుడు కొరికాడు."

"అదే మరి. పళ్ళు పడ్డ సరుకు ఎవడు కొంటాడు? కుంపట్లో వెయ్యాల్సిందే."

ఇరవై రెండు పట్లు చేతికొచ్చాయి. ముప్పైకి ఎనిమిది తక్కువ. ఉడుము కాళ్ళావేళ్ళా పడి, మిగతా ఎనిమిదీ కూడబెట్టి అన్నీ కలిపి తొలి వాన లోపు ఇస్తానని ఒప్పించింది ఈరమ్మ.

ఆమె వీధి మలుపు తిరగ్గానే జంబులయ్య కుంకుడుకాయ, బూడిద పెట్టి గిన్నె తళతళా తోమాడు. మర్నాడే రాణిగారు వచ్చింది. సింహం పిల్లవాడికి అన్నప్రాసన.

"అంచున ఈ గంట్లేమిటి జంబులయ్యా?"

"చిత్తగించండి రాణీ! దాన్ని పంటి నగిషీ అంటారు. తూర్పు అడవి దొరలంతా ఇప్పుడు దీని మోజులోనే ఉన్నారు. గిన్నె నలభై తులాలు. కరిగించి చేశాం కనక తరుగు అయిదు. మజూరీ పది. నగిషీకి ఇంకో అయిదు. మీకు కనక అరవై పట్లకే."

రాణిగారు బేరం ఆడలేదు. బేరం ఆడితే రాణి ఎలా అవుతుంది?

అన్నప్రాసనకు అడవంతా వచ్చింది. మొదటి ముద్ద ఎవరి మాంసమని మాత్రం ఎవరూ అడగలేదు. రాణిగారు గిన్నె ఎత్తి పిల్లవాడి నోటికి పెట్టగానే, వెనక వరసలోంచి ఈరమ్మ కేకేసింది.

"అది మా బుడ్డోడి కొరుకుడు!"

బుడ్డోణ్ణి ముందుకు తెచ్చారు. వాడి ముందుపళ్ళు రెండూ గంట్లలో అచ్చంగా సరిపోయాయి.

"ఎంగిలి గిన్నె!" రాణిగారు కెవ్వుమంది.

"యువరాజు ఏదుపంది ఎంగిలి తిన్నాడా?" సింహం గర్జనకి విస్తళ్ళు ఎగిరిపోయాయి.

"అదొక్కటే కాదు ప్రభూ, తూకంలో నా దగ్గర పద్దెనిమిది తులాలు కోసి..." అనబోయింది ఈరమ్మ.

"ఆగవమ్మా! రాజకుటుంబం పరువు పోతుంటే నీ తులాల గోలేమిటి?" అని కసిరాడు కోశాధికారి కొంగ. ఒంటికాలి మీద నిలబడతాడు కనక అతను నిజాయితీపరుడని అడవిలో పేరు.

సింహం నక్క మెడ పట్టుకున్నాడు. "ఆ గిన్నె కరిగించావా, లేదా?"

"కరిగించాను ప్రభూ."

"మరి గంట్లెలా మిగిలాయి?"

"కరిగించలేదు ప్రభూ."

"అయితే ఎంగిలే!"

జంబులయ్య ఈసారి సింహంకేసి ముందుకాళ్ళు జోడించాడు.

జరిమానా అయిదు వందల తులాలు. కొట్లో సరిగ్గా అంతే ఉంది, నక్క ఊపిరి పీల్చుకున్నాడు. కానీ కొంగ నక్క త్రాసే తెప్పించి, నక్క లెక్కే కట్టాడు. మురికి, అతుకు, టంచు, తరుగు పోగా రెండు వందల డెబ్భై అయిదు తేలాయి. మిగతా దానికి రెండు గుహలూ జప్తు చేసి, నక్కను చెట్టుకి కట్టేశారు. అడవంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా ఈరమ్మ కొట్టింది.

"గిన్నె ఈమెకు తిరిగి ఇవ్వాలని ప్రభువుల ఆజ్ఞ," అన్నాడు కొంగ. ఈరమ్మకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "అయితే యువరాజు నోటికి తగిలింది కనక ఎంగిలి దోషం పోయేలా కరిగించాలి."

పదేళ్ళ తర్వాత కుంపటి నిజంగానే రాజుకుంది.

"తరుగు అయిదు. దోష నివారణకి ఎనిమిది. తీర్పు రుసుం పది. ఇదిగో, నీ పదిహేడు తులాలు," అంటూ కొంగ ఒక వెండి ముద్ద ఆమె ముందు పెట్టాడు. "అన్నట్టు, నక్క ఇచ్చిన ఇరవై రెండు పట్లూ ఖజానాకి కట్టు. సరుకు తిరిగొచ్చాక వెల నీ దగ్గరెందుకు?"

ఈరమ్మ ముద్దకేసి, కొంగకేసి మార్చి మార్చి చూసింది.

"అయ్యా, న్యాయం జరగకముందు నాకు ఎనిమిదే తక్కువ," అంది.

సింహం ఆవలించాడు. సభ ముగిసింది. గుట్ట మీద మబ్బు కమ్మి, తొలి చినుకు ఆ ముద్ద మీదే పడింది. ఈరమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని వాగు ఒడ్డుకే నడిచింది.

కట్టేసిన చోటే జంబులయ్య వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. పోయిన గుహల కోసం కాదు. "ఇన్నేళ్ళు కొట్టు నడిపాను, దోష నివారణ అన్నది నా బుర్రకు తట్టలేదే!" అని.

నీతి: తరుగు నక్క తీస్తే మోసం, సింహం తీస్తే న్యాయం.