పాత క్లారినెట్ మహిమ

కొత్త క్లారినెట్ కొనుక్కునేవాళ్లని చూస్తే నాకు జాలి!

డబ్బు పోయిందని కాదు, అనుభవం పోయిందని. కొట్టుకి వెళ్తారు. గాజు బీరువాలోంచి తీసిస్తారు. ఊదితే పలుకుతుంది. ఇంటికి తెచ్చుకుంటారు. ఇందులో ఏముందండీ? ఉత్కంఠ ఉందా? మోసం ఉందా? కనీసం ఒక చక్కటి అబద్ధమైనా ఉందా?

సెకండ్‌హ్యాండ్ యాప్‌లో పాత ఊదుడు వాయిద్యాలు వెతికి కొనుక్కోవడం ఈ కాలం మనకి ప్రసాదించిన వరమని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. గిన్నెలు తోముకునేదానివి, నీకెందుకమ్మా ఈ గొడవ అంటారేమో. నేనూ డిగ్రీ చదివాను. కాలేజీ బ్యాండులో క్లారినెట్ ఊదాను. పెళ్లయ్యాక నా పెదవులకి వేరే పని పడింది: అందరికీ సర్దిచెప్పడం. పిల్లలు పెద్దవాళ్లై ఎవరి గదుల్లో వాళ్లు తలుపులు వేసుకోవడం మొదలెట్టాక, మళ్లీ ఊదాలనిపించింది. అంతే. ఇంతకుమించి నాకు ఏ దురుద్దేశమూ లేదు.

ముందుగా ఆ యాప్‌లోని సాహిత్యం గురించి చెప్పాలి. కవులు ఎందుకు బతికున్నారో నాకు అర్థం కావడం లేదు! "చిన్న గీత ఉంది" అంటాడొకడు. వెళ్లి చూస్తే ఆ గీతలో దువ్వెన పన్ను దూరుతుంది. "పలుకుతుంది, కానీ నాకు పలికించడం రాదు" అంటాడు ఇంకొకడు. ఆ వాయిద్యాన్ని పలికించడం ఇంకెవరికీ కూడా రాదు. ఒకాయన పెట్టె మూసి ఫొటో పెట్టాడు. "లోపల వాయిద్యం ఉందా బాబూ?" అని రాస్తే, "నమ్మకం లేనివాళ్లు అడగొద్దు" అని జవాబు! చూశారా, భక్తి మార్గం!

మరో పెద్దమనిషి "తాతగారి జ్ఞాపకం" అని ఫ్లూట్ పెట్టాడు. నా మనసు కరిగిపోయింది. జ్ఞాపకాన్ని ఎలా అమ్ముకుంటావు నాయనా అని అడిగాను. "ఇలాంటివి ఇంకా ఉన్నాయండీ, రెండు తీసుకుంటే తగ్గిస్తా" అన్నాడు.

ఇక మనుషుల పరిచయాలో! పేరంటానికి పిలవని ఇళ్లలో కూడా కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఒక ఇంట్లో శాక్సోఫోన్ చూడ్డానికి వెళ్లాను. నాకు శాక్సోఫోన్ అక్కర్లేదు. అయినా వెళ్లాను. తలుపు తీసినావిడ వీధి అటూ ఇటూ చూసి, నన్ను లోపలికి లాక్కుని గడియ పెట్టింది.

"ఎందుకమ్మా అమ్మేస్తున్నావు?"

"మా ఆయన ఊదుడు మీరు ఒక్కసారి వింటే ఈ మాట అడగరక్కా. ధర మీరే చెప్పండి. ఆయన ఆఫీసు నుంచి వచ్చేలోపు పట్టుకెళ్లిపోండి, మీకు పుణ్యముంటుంది!"

ఇంటికొచ్చేదాకా బస్సులో నవ్వుతూనే ఉన్నాను. కండక్టరు రెండుసార్లు తిరిగి చూశాడు.

చివరికి నా క్లారినెట్ ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టారింట్లో దొరికింది. పెట్టె తెరిస్తే కలరా ఉండల వాసన, దానికింద ఎవరిదో తలనూనె వాసన. పాతది కొనేటప్పుడు ఒక పరీక్ష ఉంది. చిల్లులన్నీ వేళ్లతో మూసి, అడుగు భాగాన్ని మోకాలికి అదిమిపెట్టి ఊదాలి. గాలి ఎక్కడా బయటికి రాకూడదు. నేను ఊదితే మా ఇంటి కిటికీల్లోంచి కూడా రానంత ధారాళంగా వచ్చింది! కానీ కొయ్య మీద ఒక్క పగులు లేదు. మీటల కింది మెత్తలు ఎండిపోతే మార్చుకోవచ్చు, కొయ్య పగిలితే ఏం చేస్తాం? కొనేశాను. మెత్తలు మార్చిన రిపేరాయన కూడా, "ముందు ఎవరికి చూపించారమ్మా దీన్ని?" అని డాక్టర్లాగా నిట్టూర్చాకే బాగుచేశాడు.

మొదటిరోజు ఒక పొడవైన స్వరం పట్టాను. పక్కగదిలోంచి మా అత్తగారు కేకేశారు:

"అమ్మాయ్! కుక్కర్ కట్టెయ్యి! ఎన్ని కూతలొచ్చాయో ఏమిటో!"

మరునాటి నుంచి, నేను పెట్టె తెరవగానే ఆవిడ చెవిలోంచి వినికిడి మిషన్ తీసి, తుడిచి, డబ్బాలో భద్రంగా పెట్టుకోవడం మొదలెట్టారు. మావారు మాత్రం ఏమీ అనలేదు. చాలా సంస్కారవంతులు. టీవీ సౌండు పెంచారంతే. నేను స్టోర్‌రూమ్‌కి మారాను. బియ్యం డబ్బా అంత మంచి శ్రోత నాకు ఇంతవరకూ దొరకలేదు. మధ్యలో లేచి వెళ్లదు.

ఈలోగా మావారికి జ్ఞానోదయమైంది. ఎవరో వీడియోలో చెప్పారట, వాడని వస్తువు ఇంట్లో ఉంటే మనశ్శాంతి ఉండదని. ఇస్త్రీ బల్ల వెళ్లిపోయింది. పిల్లల సైకిలు వెళ్లిపోయింది. కొన్ననాటి నుంచీ ప్లాస్టిక్ కవరు కూడా విప్పని ఆయన డంబెల్స్ మాత్రం ఇంట్లోనే ఉన్నాయి. వాటితో ఆయనకి అనుబంధం.

ఒకరోజు అలవాటుకొద్దీ యాప్ తెరిచాను. కొనేది ఏమీ లేకపోయినా చూడటం మానలేం కదా, చీరల కొట్టులాగా. ఒక ప్రకటన దగ్గర వేలు ఆగిపోయింది! "నల్ల ఫ్లూట్. పెద్ద సైజు. ఒక పక్క వెడల్పు. అసలు వాడలేదు." పక్కన ఫొటో. నిగనిగలాడే క్లారినెట్, తలకిందులుగా! ధర చూస్తే కూరగాయల బేరంలా ఉంది.

ఏళ్ల తరబడి పాత వాయిద్యాల కోసం గాలించేవాళ్ల కలలోకి వచ్చేది ఇదేనండీ. మంచి వస్తువు, దాని పేరు కూడా తెలియని అమ్మకందారు! ఎవడో అమాయకుడు, దొరికాడు అనుకుని ఫొటో పెద్దది చేశాను. దుప్పటి అంచు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ కనిపించింది. ఆ మచ్చ చేసింది నేనే.

అప్పుడు నా నోట్లో రీడ్ ఉంది. క్లారినెట్‌లో పలికేది అదే, సన్నటి రెల్లు బద్ద. ఊదేముందు నోట్లో పెట్టుకుని నానబెట్టాలి. అందువల్ల అరవడానికి వీల్లేకపోయింది. దాంపత్యాలు నిలబడటానికి ఇలాంటి చిన్న చిన్న కారణాలే ఉంటాయి.

నేను మారుపేరుతో మెసేజ్ పెట్టాను. "ఎందుకు అమ్ముతున్నారు?"

హాల్లోంచి వెంటనే జవాబొచ్చింది. "మా ఇంట్లో వాయించేవాళ్లు ఎవరూ లేరండీ. త్వరగా చెప్పండి, ఒక కాలేజీ కుర్రాడు ఆదివారం వచ్చి తీసుకుంటానంటున్నాడు."

తిన్నగా వెళ్లి అడిగేస్తే పోయేది కదా అని మీరంటారు. అడిగితే ఏమంటారో నాకు తెలియదా? "అయ్యో, అది నువ్వు వాడుతున్నావా? చెప్పవేం మరి!" అంటారు. తీసేస్తారు. టీవీ పెట్టుకుంటారు. ఆ ముక్క వినడానికి అంత దూరం నడవాలా?

అందుకని ఇంకో మెసేజ్ పెట్టాను. "వినకుండా కొనను. ఎవరిచేతనైనా వాయించి రికార్డు పంపండి. వెనక ఏ చప్పుడూ ఉండకూడదు."

కాసేపటికి వంటింటి గుమ్మంలో మావారు ప్రత్యక్షమయ్యారు.

"ఏమోయ్, నువ్వు అప్పుడప్పుడూ ఏదో ఊదుతుంటావే... అది కాస్త ఊదవా?"

"ఎందుకండీ?"

"ఊరికేనోయ్. వినాలనిపించింది."

పాఠకులారా! ఈ మాట కోసం ఎంతమంది ఇల్లాళ్లు ఎన్నేళ్లు ఎదురుచూశారో ఎవరైనా లెక్క తీశారా?

నన్ను హాల్లో, మంచి కుర్చీలో కూర్చోబెట్టారు. టీవీ ఆపారు. కిటికీలు మూశారు. ఫ్యాను కూడా ఆపారు!

"ఒరేయ్, ఫ్యాను ఆపావేంట్రా? ఉడికి చస్తున్నా!" అన్నారు అత్తగారు.

"కాసేపు ఉండవే అమ్మా! వాయిస్తోంది కదా, కనపట్లా?"

వాయించాను. ఆయన ఫోను రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కదలకుండా విన్నారు. మా పెళ్లినాటి ఫొటోలో కూడా ఆయన అంత శ్రద్ధగా లేరు. అవ్వగానే ఏదో నొక్కారు. పప్పు డబ్బా వెనక నా ఫోను టింగుమంది.

"నీకేదో మెసేజ్ వచ్చినట్టుంది."

"మా అక్కయ్య అయ్యుంటుంది లెండి."

కొనేవాళ్లకి అంత సులువుగా తృప్తి ఉంటుందా? కింది స్వరాలు సరిగా వినపడలేదని రాశాను. మరునాడు మళ్లీ కచేరీ. విలంబంలో ఎలా ఉంటుందో చూడాలన్నాను. ఆ మరునాడు ఇంకొకటి. "నిన్నటిది కాదోయ్, మెల్లగా వచ్చేది వాయించు" అని మావారే అడుగుతున్నారు! అత్తగారు మిషన్ చెవిలోనే ఉంచుకుని, "మధ్యలో ఆ తిప్పడం బాగుందమ్మాయ్, మళ్లీ తిప్పు" అన్నారు. స్టోర్‌రూమ్‌లో బియ్యం డబ్బా ఒంటరిదైపోయింది.

ఇల్లాలు వాయిస్తే గోల, కొనేవాడు అడిగితే కచేరీ. ఇందులో నాకు ఫిర్యాదేమీ లేదు. ఉందన్నానా?

శనివారం పొద్దున ఆయన దగ్గర్నుంచి కొనుగోలుదారుకి ఒక మెసేజ్ వచ్చింది. "సారీ అండీ. రేటు మూడింతలు పెంచాను. ఈ వాయిద్యం ఇంత బాగా పలుకుతుందని నాకు ముందు తెలియదు."

రెండోసారి చదివాను. నా సంగీతానికి మావారి నోటివెంట వచ్చిన తొలి ప్రశంస. అదీ వాయిద్యం ఖాతాలో!

కొత్త రేటు చూసి కాలేజీ కుర్రాడు మళ్లీ పలకలేదు. నేను మాత్రం ఏమీ తొందరపడటం లేదు. సాధన పెంచాను. సాయంత్రం కూడా వాయిస్తున్నాను. నిన్న పైస్థాయి స్వరం ఒకటి శుభ్రంగా పలికింది, రాత్రికల్లా రేటు మళ్లీ పెరిగింది. ఇంకొంచెం శ్రుతి కుదిరితే చాలు, ఇక దాన్ని కొనగలిగినవాడు ఈ ఊళ్లో ఉండడు.