ఐదు మాటల పరీక్ష

"మతిమరుపు జబ్బు రావడం తప్పు కాదు, దాన్ని దాచడం మహాపరాధం!" అని మెదడు మాస్టారు సభలో ప్రకటించగానే చప్పట్లు మారుమోగాయి. మెదడు మాస్టారంటే అల్లాటప్పా మనిషి కాదు. ముప్పై ఏళ్లుగా మతిమరుపునూ, మనసు జబ్బులనూ పరిశోధిస్తున్న ఘనుడు. మెదడు పరిశోధన కేంద్రానికి ఆయనే అధిపతి. చప్పట్లు ఆగాక ఊరుకుంటే సరిపోయేది. ఊపు మీదున్నవాళ్లు ఊరుకుంటారా? ఇకమీదట కేంద్రంలో పనిచేసేవాళ్లందరి ఇళ్లలోనూ పెద్దవాళ్లకు జ్ఞాపకశక్తి పరీక్ష చేయిస్తామన్నారు. తొలి పరీక్ష సొంత అక్కకే అన్నారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం.

మాస్టారు రచ్చ ఎప్పుడో గెలిచారు. ఇంటి సంగతే కాస్త తేడాగా ఉంది. అక్క కళ్లజోడు ఫ్రిజ్‌లో దొరుకుతోంది. కూరలో ఉప్పు రెండుసార్లు పడుతోంది. "ఇవాళ ఏం వారం?" అని అడిగిన అక్క, జవాబు విని, తల ఊపి, మళ్లీ అదే అడుగుతోంది. ఒకసారి చూపించండి అని భార్య పోరితే, వయసు మీద పడితే ఎవరికైనా అంతే, నీకేం తెలుసు అని మాస్టారు కసిరారు. సరిగ్గా ఆ మాటే అన్నందుకు ఆయన తన గదిలో ఎందరు రోగుల బంధువులను చెడామడా తిట్టారో లెక్కలేదు.

మెదడు మాస్టారి అక్కకే మెదడు జబ్బట అని లోకం నవ్వుతుందని ఆయన బెంగ. దాని అడుగున ఇంకో భయం ఉంది. అమ్మ పోయాక ఆయన్ని పెంచింది ఈ అక్కే. రోజూ వంటింటి గుమ్మంలో నిలబెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకున్నదీ ఈ అక్కే. ఆ జబ్బు పేరు కాగితం మీదికి ఎక్కితే అక్క ఇక తనకు దక్కదని ఆయనకు లోలోపల వణుకు.

అందుకని మాస్టారు శాస్త్రీయమైన ఉపాయం ఆలోచించారు. పరీక్షలో అడిగే ఐదు మాటలు ఆయన సొంత చేత్తో రాసినవే. పది రోజులపాటు రోజూ పొద్దున్నే అక్క ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, "కుర్చీ, నిమ్మకాయ, గొడుగు, వంతెన, ఏనుగు" అని వల్లె వేయించారు. అక్క బుద్ధిగా పలికేది. పలుకుతూ తమ్ముడి మొహంలోకి అదోలా చూసేది. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆయన బతిమాలితే, చెప్పనులేరా అని చెయ్యి నిమిరేది.

పరీక్షరోజు రానే వచ్చింది. దాపరికం ఉండకూడదని మాస్టారే హుకుం జారీ చేసి ఉన్నందువల్ల గది తలుపు బార్లా తీసి ఉంది. కేంద్రంలో సగంమందికి ఆ సమయానికి ఆ వరండాలోనే అత్యవసరమైన పనులు పడ్డాయి. పరీక్షలు చేసే అమ్మాయి ఫైలు తెరిచి, అక్కకు నమస్కారం పెట్టి, ఇప్పుడు ఐదు మాటలు చెబుతాను, గుర్తుపెట్టుకోండి అంది. ఆపైన నోరు తెరిచిందో లేదో, అక్క గడగడా అప్పజెప్పేసింది.

"కుర్చీ, నిమ్మకాయ, గొడుగు, వంతెన, ఏనుగు."

అమ్మాయి ఫైలు వంకా, గుమ్మంలో నిలబడ్డ మాస్టారి వంకా మార్చి మార్చి చూసింది. "నేనింకా ఏమీ చెప్పలేదు కదమ్మా. అయినా ఇవి పాత మాటలు. వీటిని మానేసి మూడు వారాలైంది."

గోడ మీద ఉత్తర్వు అతికించి ఉంది. బంధువులు రోగులకు మాటలు ముందే నేర్పించి తీసుకొస్తున్నందున పాత పట్టిక రద్దు చేయడమైనదనీ, అలా నేర్పించేవారిని శాస్త్రద్రోహులుగా పరిగణించవలసిందనీ అందులో ఉంది. కింద ఆకుపచ్చ సిరాతో సాక్షాత్తూ మాస్టారి సంతకం. అది పెట్టిన సంగతి ఆయనకు ఇప్పుడు చదువుతుంటే గుర్తొచ్చింది.

ఇవి ఎవరు నేర్పారని అమ్మాయి మెల్లగా అడిగింది. అక్క గొంతు తగ్గించింది. తగ్గించినా వరండా అంతటికీ వినబడింది.

"నేర్పడం కాదు తల్లీ. మా తమ్ముడికే ఒంట్లో బాగోలేదు. పది రోజులుగా పొద్దున్నే వచ్చి కూర్చుని ఇవే ఐదు మాటలు, చెప్పిందే చెబుతున్నాడు. ఎవరికీ చెప్పకక్కా అని బతిమాలాడు. బయటపడితే వాడి పరువు పోతుందని నేనూ దాచాను. దాచడం తప్పే. ముందు వాణ్ణి చూడమ్మా, నీకు పుణ్యముంటుంది. చిన్నప్పుడు ఇరవయ్యో ఎక్కం దాకా తడుముకోకుండా చెప్పినవాడు."

వరండాలో ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరికీ వేరే చోట పనులు గుర్తొచ్చాయి. మాస్టారు లోపలికి వచ్చి అక్క పక్కన కూలబడ్డారు.

అమ్మాయి ఇబ్బంది పడుతూనే రోగి బంధువులను అడిగే ఫారం తీసింది. అందులో చివరి రెండు ప్రశ్నలూ మాస్టారు స్వయంగా రాసినవే. మార్పు కనబడి ఎన్నాళ్లయింది?

"పద్నాలుగు నెలలు," అన్నారు మాస్టారు.

ఇన్నాళ్లూ ఎందుకు చూపించలేదు?

మాస్టారు ఫారం తన వైపు తిప్పుకుని, తను రాసిన ప్రశ్ననే మళ్లీ చదివారు. అక్క ఆయన వీపు నిమిరింది. "గుర్తు రావటం లేదా నాన్నా? కంగారేం లేదు. నిదానంగా చెప్పు."

"పరువు పోతుందని," అన్నారాయన. ఫారం అమ్మాయి ముందుకు జరిపి, "భయమేసింది కూడా. రాసుకోమ్మా," అన్నారు.

అక్క మొహం విప్పారింది.

"చూశావా," అంది అమ్మాయితో. "నెమ్మదిగా అడిగితే అన్నీ చెబుతాడు."