కంప్యూటర్‌కి చెంచాడు ఆలివ్ నూనె

ఆ శనివారం ఉదయం మొహ్సెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు రీమ్ బజారు నుంచి తిరిగి వచ్చేలోగా ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌ని కాస్త చురుగ్గా చేయాలి. అంతే. అందులో తన కాపురానికి ఎసరు పెట్టే విషయం ఏదీ అతనికి కనిపించలేదు.

మా స్ఫాక్స్ రేవు పట్టణంలో వస్తువు పాతబడిందని ఎవరూ పారేయరు. రాజధాని వాళ్ళు మమ్మల్ని పిసినారులంటారు, అననివ్వండి. ఆ కంప్యూటర్ రీమ్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు కొన్నది. ఇప్పుడా పిల్ల ఆర్కిటెక్చర్ ఆఖరి ఏడాదిలో ఉంది. మీట నొక్కి, కాఫీ కాచుకుని, తాగి, కప్పు కడిగి బోర్లించి వస్తే అప్పటికి తెర మీద ఏదో ఒకటి కనిపిస్తుంది. అమ్మమ్మ అల్లిన లేసు గుడ్డ కప్పుకుని ఆ పెట్టె హాల్లో ఒక పక్కన మూలుగుతూ ఉంటుంది.

ఆ మూలిగే పెట్టెలోనే రీమ్ ఏడాది కష్టమంతా ఉంది. రేవు పక్కన కట్టబోయే కొత్త చేపల మార్కెట్ ఎలా ఉండాలో ఆ పిల్ల గీసిన ప్లాన్లు అవి. మధ్యాహ్నం మూడింటికి వాటిని సీడీలో పెట్టి పరీక్షకుల చేతికివ్వాలి. పోయినేడు సరిగ్గా ఇదే పరీక్ష నాటికి టైఫాయిడ్‌తో మంచం పట్టింది. ఈసారి కూడా తప్పితే మరో అవకాశం లేదు. రాత్రి సీడీలోకి ఎక్కిస్తుంటే కంప్యూటర్ సగంలో బిగుసుకుపోయింది. రెండోసారీ అంతే. ఇంట్లో ఉన్న సీడీలన్నీ పాడయ్యాయి. అందుకే పొద్దున్నే కొత్త సీడీల కోసం, ముందే అచ్చుకిచ్చిన కొన్ని ప్లాన్ల కోసం బయలుదేరింది.

"నాన్నా, పన్నెండుకల్లా వచ్చేస్తాను. అప్పటిదాకా దాన్ని ముట్టుకోకు. దాని వంక చూడను కూడా చూడకు," అంది గుమ్మంలో నిలబడి.

"నాకేం పనమ్మా దాంతో?" అన్నాడు మొహ్సెన్. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు. తలుపు మూసుకున్నాకే భయం పట్టుకుంది. కొత్త సీడీ కూడా సగంలో ఆగిపోతే? పిల్ల మళ్ళీ ఏడుస్తుంటే తను చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవాలా? కన్నతండ్రి అన్నాక కూర్చోలేడు. ఇంట్లో జరిగే సగం అనర్థాలకు మూలం ఇదే.

మొహ్సెన్‌కి డ్రైవింగ్ స్కూలు ఉంది. నేర్పేవాడి వైపు కూడా ఒక బ్రేకు ఉండే కారులో ఇన్నేళ్ళు కూర్చుని కూర్చుని, అతని కుడికాలు ఎక్కడున్నా నేలని నొక్కుతూనే ఉంటుంది. సోఫాలో వార్తలు చూస్తూ నొక్కుతాడు. భార్య సల్వా గబగబా మాట్లాడితే ఇంకా గట్టిగా నొక్కుతాడు. ఆ పాత కారుని అతనే విప్పి అతనే బిగిస్తాడు కాబట్టి యంత్రాల గురించి అతనికి కొన్ని గట్టి నమ్మకాలు ఉన్నాయి. ఏ యంత్రమైనా మందగించిందంటే లోపల మురికి చేరిందన్నమాట. చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి. కంప్యూటర్‌కి అలాంటి బ్యాటరీ ఏదీ కనిపించలేదు కాబట్టి, గుమ్మం పక్కనున్న మెయిన్ స్విచ్ కిందికి లాగేసి, స్క్రూడ్రైవర్ పుచ్చుకుని కూర్చున్నాడు.

పక్క రేకు ఊడదీస్తే లోపల దుమ్ము పరుపులా పరుచుకుని ఉంది. ఫ్యాను రెక్కలకు కూడా బూజు చుట్టుకుంది.

"చూశారా అత్తయ్యా! ఇంత పెట్టుకుని పాపం ఎలా నడుస్తుంది?"

సల్వా తల్లి లల్లా అల్జియా బాల్కనీలో చేపలు శుభ్రం చేస్తోంది. చేతులు కడుక్కుని వచ్చి, నడుము మీద చెయ్యి వేసుకుని లోపలికి తొంగిచూసింది.

"చుక్క నూనె వేస్తే సరి," అంది.

ఆవిడ దృష్టిలో లోకంలో జబ్బులు వేలు ఉన్నా మందు ఒక్కటే. చెవిపోటుకి, పిల్లల దగ్గుకి, వేలికి బిగుసుకున్న ఉంగరానికి, కిర్రుమనే తలుపుకి, అన్నిటికీ సొంత చెట్ల ఆలివ్ నూనే.

"దుమ్ముకి నూనేమిటి అత్తయ్యా! గాలి కొట్టించాలి. కింద హమ్మా దగ్గర టైర్లకి గాలి కొట్టే మిషను ఉందిగా."

"గాలి కొడితే దుమ్ము పోతుంది నాయనా, కీచుమనడం పోతుందా? రాత్రంతా అది పిల్లికూనలా కీచుమంటుంటే నాకు కంటిమీద కునుకు లేదు. ఉండు, సీసా తెస్తాను."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిన మరుక్షణం మొహ్సెన్ చేతికందిన దుప్పటిలో పెట్టెని చుట్టి, చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. లల్లా అల్జియా ఊరుకునే మనిషి కాదు. చెప్పులు కూడా వేసుకోకుండా నూనె సీసా ఎత్తిపట్టుకుని వీధి మలుపు దాకా వెంటబడింది. "అల్లుడూ, ఆగు! పెద్దదాన్ని చెబుతున్నాను, నా మాట విను!"

ఎదురింటి బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న జకియా ఇదంతా చూసింది. మూట చంకన పెట్టుకుని పరిగెడుతున్న మగవాడు. సీసా ఎత్తిపట్టుకుని తరుముతున్న అత్తగారు. భార్య ఇంట్లో లేదు. జకియా చెడ్డ మనిషి కాదు, సాయం చేయకుండా ఉండలేదు, అదొక్కటే ఆవిడ లోపం. చేతిలో పిల్లల చొక్కా అలాగే వదిలేసి సల్వా పనిచేసే మందుల షాపుకి ఫోన్ చేసింది.

"సల్వా, నువ్వు కంగారు పడకు. మీ ఆయన మూట కట్టుకుని ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. మీ అమ్మ సీసాతో కొట్టబోయింది కానీ అందలేదు."

సల్వా కంగారు పడలేదు. తమ్ముళ్ళిద్దరికీ ఫోన్ చేసింది.

అక్కడ టైర్ల షాపులో హమ్మా గాలి గొట్టం చేతబట్టుకుని, పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"మాస్టారూ, దీనికి ఎంత కొట్టమంటారు?"

"కారు ముందు టైరుకి ఎంత కొడతావో అంత కొట్టు."

హమ్మా కొట్టాడు. పెట్టెలోంచి లేచిన నల్లటి మేఘం పక్కనే టీ తాగుతున్న ఇద్దరి మీదుగా వెళ్ళి వాళ్ళ గ్లాసుల్లో దిగింది. లోపలి ఫ్యాను ఆ గాలికి పిచ్చిగా తిరుగుతూ వీధి వీధంతా వినిపించేట్టు కీచుమని అరిచింది. మొహ్సెన్ కుడికాలు నేలని గట్టిగా నొక్కింది. నేల ఆగింది కానీ ఫ్యాను ఆగలేదు. గాలి కట్టేశాక చూస్తే పెట్టె లోపల కొత్తదానిలా మెరుస్తోంది. మొహ్సెన్ గుండె తేలికపడింది. టీ గ్లాసుల వాళ్ళకు క్షమాపణ చెప్పి ఇంటిదారి పట్టాడు.

ఇంటికి చేరేసరికి అతని చేతులూ ముఖమూ బొగ్గు మోసినవాడిలా ఉన్నాయి. పెట్టెని బల్ల మీద పెట్టి, తీగలన్నీ తగిలించి, కడుక్కోవడానికి వెళ్ళాడు. తువాలుతో తిరిగి వచ్చేసరికి లల్లా అల్జియా పెట్టె పక్కన నిలబడి కాఫీ చెంచా తుడుచుకుంటోంది. ఫ్యాను నడిబొడ్డు నిగనిగలాడుతోంది.

"పోశారా?"

"చెంచాడే. తొలి గానుగ నూనె, కల్తీ లేనిది. మీ మామయ్య మోకాళ్ళకి కూడా ఇదే రాసేదాన్ని."

 మొహ్సెన్ మీట నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. ఎప్పుడూ వచ్చే ఆ మూలుగు కూడా రాలేదు. ఒక ఏడాది కష్టం, మధ్యాహ్నం మూడు గంటల గడువు, గుమ్మంలో రీమ్ అన్న మాట, అన్నీ ఒక్కసారిగా అతని మీద పడ్డాయి. వంగి పెట్టెలోకి తల దూర్చాడు.

సరిగ్గా అప్పుడే సల్వా తమ్ముళ్ళు మహ్రెజ్, ఖలీల్ లోపలికొచ్చారు. వాళ్ళ వెనక రొప్పుతూ సల్వా.

"బావా," అన్నాడు మహ్రెజ్ పెద్దమనిషి గొంతుతో, "ఏదైనా ఉంటే కూర్చుని మాట్లాడుకుందాం. ఇన్నేళ్ళు కలిసి ఉన్నాక ఇదేమిటి?"

"ఇంకేం మాట్లాడతాం మహ్రెజ్," మొహ్సెన్ తల ఎత్తలేదు. "పొద్దుటిదాకా కనీసం మూలిగేది. ఇప్పుడు ఎక్కడ నొక్కినా ఉలకదు, పలకదు. మీ అమ్మ నూనె పోసి చంపేసింది."

ఖలీల్ చొక్కా చేతులు మడవడం మొదలుపెట్టాడు. సల్వా తమ్ముళ్ళని పక్కకి తోసి ముందుకొచ్చింది.

"ఇల్లు వదిలి వెళ్ళిపోతున్నారట?"

"టైర్ల షాపు దాకా వెళ్ళాను."

"మరి దుప్పటి మూట ఎందుకు?"

"దుమ్ము పడకుండా."

సల్వా బల్ల మీది పెట్టెని చూసింది. ఫ్యానుని చూసింది. తల్లి చేతిలో చెంచాని చూసింది. ఆమె ముఖంలో కోపం పోయి అంతకంటే ఘోరమైనది వచ్చింది. "రీమ్ ప్లాన్లు దాంట్లోనే ఉన్నాయి కదూ?" అంది మెల్లగా.

 లల్లా అల్జియా చెంచా కింద పెట్టి కుర్చీలో కూర్చుంది. ఎవరికీ తలవంచని ఆ మనిషి కళ్ళు తుడుచుకుంటూ, "పిల్ల కోసమే పోశాను. నా చేతులు విరిగిపోనూ!" అని గొణిగింది. మొహ్సెన్ తన తువాలు ఆవిడకి అందించాడు. ముట్టుకోవద్దన్నదాన్ని ముందు ముట్టుకున్నది తను.

పన్నెండు కాకముందే రీమ్ వచ్చింది. చంకలో ప్లాన్ల చుట్ట, చేతిలో సీడీల సంచి. గుమ్మంలోనే నిలబడి అందరినీ చూసింది, విప్పిన పెట్టెని చూసింది. అరిస్తే బాగుండేది. అరవలేదు.

"నాన్నా," అంది. అంతే. గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

హాల్లో గాలి కదలడం లేదు. అందరికీ చెమటలు కారుతున్నాయి. ఉక్కపోత భరించలేక ఖలీల్ మూలనున్న టేబుల్ ఫ్యాను మీట నొక్కాడు. తిరగలేదు. రెండో మీట నొక్కాడు. అదీ లేదు.

"అమ్మా, దీనికి కూడా పోశావా?"

"దాని జోలికి నేను వెళ్ళలేదు!" లల్లా అల్జియా ఏడుపు మధ్యలోనే రోషంగా లేచింది. "కావాలంటే సీసా చూసుకో!"

సల్వా ఆ ఫ్యాను వంక ఒక్క క్షణం చూసింది. వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల చీకటి. మూసింది. మళ్ళీ తీసింది. తర్వాత చాలా నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి భర్త ఎదురుగా నిలబడింది. సల్వా నెమ్మదిగా నడిచిందంటే మొహ్సెన్‌కి తెలుసు, కాలు బ్రేకు మీద ఉన్నా లాభం లేదు.

"ఏవండీ. మెయిన్ ఎవరు కట్టేశారు?"

మొహ్సెన్ ముఖం చూడదగ్గది. గుమ్మం వైపు వేలు చూపించాడు, ఆ వేలునే మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు. మహ్రెజ్ ఒక్క గంతులో వెళ్ళి స్విచ్ పైకి లేపాడు. ఫ్రిజ్ గుర్రుమంది. టేబుల్ ఫ్యాను తిరిగింది. రీమ్ నేల మీద నుంచి లేచి, ఎవరి వంకా చూడకుండా కంప్యూటర్ మీట నొక్కింది.

వెలిగింది. కీచుమని కాదు, మూలుగుతూ కాదు, చప్పుడు లేకుండా వెలిగింది. ఎవరూ కాఫీ పెట్టడానికి లేవకముందే తెర మీద చేపల మార్కెట్ ప్రత్యక్షమైంది.

రీమ్ సీడీ పెట్టింది. అందరూ చుట్టూ మూగారు. ఖలీల్ దగ్గు వస్తుంటే నోరు మూసుకున్నాడు. పెట్టె వేడెక్కిన కొద్దీ హాలంతా వెచ్చటి ఆలివ్ నూనె వాసన, ఎవరో గుడ్డు వేయిస్తున్నట్టు, కమ్ముకుంది. రాత్రి ఆగిపోయిన సగం దగ్గరికి వచ్చింది. మొహ్సెన్ కుడికాలు అలవాటుగా నేల మీదికి పోయింది. అతను చటుక్కున దాన్ని పైకెత్తి ఒంటికాలి మీద నిలబడ్డాడు. సగం దాటింది. ఎదురు బాల్కనీ నుంచి జకియా గొంతు వినిపించింది.

"సల్వా! వంట మొదలుపెట్టావంటే రాజీ కుదిరినట్టేగా?"

సీడీ బయటికొచ్చింది. రీమ్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మొదట అమ్మమ్మని ముద్దు పెట్టుకుంది. తర్వాత తండ్రి వైపు తిరిగింది. "కారు తాళాలు ఇటివ్వు. నీ చేతులు వణుకుతున్నాయి."

ఊళ్ళో ఆ రోజు ఒక వింత జరిగింది. డ్రైవింగ్ స్కూలు బోర్డు నెత్తిన పెట్టుకున్న పాత కారు, మార్కెట్ సందడిలో అందరినీ దాటుకుంటూ కాలేజీ వైపు దూసుకుపోయింది. నడుపుతున్నది రీమ్. పక్క సీట్లో మొహ్సెన్ రెండు కాళ్ళూ సీటు మీదికి మడిచి పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. తన కాలి కింద బ్రేకు ఉండి కూడా వాడకపోవడం అతని జీవితంలో అదే మొదలు. ముట్టుకోవద్దన్న మాట ఒక్కటైనా ఆ రోజు అతను నిలబెట్టుకోవాలనుకున్నాడు. కాలేజీ గుమ్మంలో దిగుతూ రీమ్ అతని భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. అతనికి అది చాలు. పరీక్ష బాగా జరిగిందని సాయంత్రం తెలిసినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది మాత్రం ఖలీల్.

మొహ్సెన్ అనుకున్నదేమిటంటే, దుమ్ము దులిపించి కంప్యూటర్‌ని బతికించినవాడిగా తనకి కాస్త పేరు వస్తుందని. కానీ వీధికి వార్తలు మోసేది జకియా. జకియా ముక్కుకి తగిలింది నూనె వాసన, దుమ్ము కాదు. మర్నాడు పొద్దున తలుపు తీస్తే మెట్ల మీద వరసగా పాత కంప్యూటర్లు, వాటి పక్కన వాటి యజమానులు. లల్లా అల్జియా కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఒక్కొక్క పెట్టెకీ చెవి ఆనించి విని, "దీనికి గాలి తగలాలి, ఆ తర్వాతే మందు," అని తేల్చి చెబుతోంది.

అప్పట్నుంచి ఆ పెట్టెల్ని హమ్మా దగ్గరికి మోసుకెళ్ళి తీసుకురావడం మొహ్సెన్ పని, చెంచా పట్టడం అత్తగారి పని. ఆఖర్న మెయిన్ స్విచ్ పైకి లేపే పని మాత్రం సల్వా ఎవరికీ అప్పగించలేదు.