చుక్కలు చూపించే ఆట

జనానికి చుక్కలు చూపించడం ఆఫీసులకు కొత్తేమీ కాదు. వాటిని రంగుల్లో, తెర మీద చూపించిన ఘనత మాత్రం కుళాయి కనెక్షన్లిచ్చే ఒక ఆఫీసుకూ, అక్కడి పెద్ద అధికారికీ, ఆయనగారి మరదలికీ దక్కింది.

మరదలు కంప్యూటర్ ఆటల కంపెనీలో పనిచేస్తుంది. ఏ ఆటనైనా నెలల తరబడి చెక్కి, తీరా అది ఎవరికీ నచ్చకపోతే నెత్తిన గుడ్డేసుకోవడం అక్కడి ఆనవాయితీ. ఈమె తెలివైనది. కంప్యూటర్లో నోట్‌బుక్ అనే చిత్తుపుస్తకం లాంటిది తెరిచి, ఒక గడిలో నాలుగు ముక్కల కోడ్ రాసి మీట నొక్కేది. ఆ గడి కిందే ఆట నడిచేది. బాగుంటే ఉంచేది, లేకుంటే చెరిపేసేది. పొద్దున పుట్టిన ఆలోచన బతుకుతుందో లేదో భోజనాల వేళకు తేలిపోయేది.

అలా ఒక సెలవునాడు అక్కగారింట్లో కూర్చుని క్యూ ఆట అల్లింది. మనుషులకు బదులు చుక్కలు. చివర ఒక కిటికీ, అందులో గుమాస్తా. ఆ గుమాస్తా నిదానాన్ని పెంచడానికీ తగ్గించడానికీ పక్కనే ఒక స్లైడర్. నిదానం పెంచేకొద్దీ ఆట రక్తి కట్టింది. అక్క పొయ్యి మీది పాలు మరిచిపోయి మరీ ఆడింది.

వెనక నిలబడి చూస్తున్న బావగారు, "ఇది మా ఆఫీసుకిచ్చెయ్ అమ్మాయ్," అన్నారు.

"ఇది ఆట బావగారూ. ఇంకా సరిగ్గా తయారు కూడా కాలేదు."

"మా ఆఫీసు మాత్రం ఏం తయారైందని?"

ఆమె సొంత కుళాయి దరఖాస్తు అక్కడే మగ్గుతోంది. దాని సంగతి చూస్తానని బావగారు మాటిచ్చారు. ఆమె కాదనలేకపోయింది.

ఆ నోట్‌బుక్‌నే హాల్లోని పెద్ద తెరకు తగిలించారు. వచ్చినవారికి తలా ఒక చుక్క కేటాయించారు. "ఇకపై ఈ కార్యాలయంలో ప్రజలు నిరీక్షించరు. పాల్గొంటారు," అని బావగారు రిబ్బన్ కత్తిరిస్తూ ప్రకటించారు. గుమాస్తాలు స్లైడర్‌ను చివరికంటా లాగి, నిశ్చింతగా టీ తాగడానికి వెళ్లారు. జనం తిట్టడం మానేశారు. ఎవరి చుక్క ఒక్క అడుగు జరిగినా హాలంతా చప్పట్లే.

కుళాయి సంగతి కనుక్కుందామని వెళ్లిన మరదలు ఇదంతా చూసి నిలువునా నీరైపోయింది. అక్కడే బల్ల మీద కూర్చుని, తెర మీది నోట్‌బుక్‌నే తన ల్యాప్‌టాప్‌లో తెరిచి, నిదానాన్ని సున్నా చేసి మీట నొక్కింది. చుక్కలన్నీ ఒక్కసారిగా కిటికీ దాటేశాయి. తెర మీద అయిపోయిన పని కాగితం మీద కాకపోతే ఉద్యోగాలకు ఎసరొస్తుందని గుమాస్తాలు హడలిపోయారు. సాయంత్రానికల్లా అందరి కనెక్షన్లూ మంజూరు చేశారు. ఆమెదీ వచ్చింది.

పక్కనున్న పెద్దాయన మంజూరు కాగితం జేబులో కుక్కుకుని, ఖాళీ తెరవంక దిగులుగా చూశాడు. "ఎవరమ్మా దీన్ని చెడగొట్టింది? నా చుక్క ఇప్పుడిప్పుడే ముందుకొస్తోంది."

ఆమె గబగబా ల్యాప్‌టాప్ మూసేసింది.

నీళ్లొచ్చిన మర్నాడే వాళ్లంతా ఇళ్లలో కుళాయిలు కట్టేసి మరీ వచ్చి, పాత నిదానమే కావాలని మూకుమ్మడిగా అర్జీ పెట్టుకున్నారు. ఆ ఆఫీసు పుట్టాక, ఇచ్చిన రోజే పరిష్కారమైన అర్జీ అదొక్కటే.