ఆనందానికి జతపరచవలసిన పత్రాలు

…అందుచేత మనిషికి బతుకులు రెండనీ, వాటిలో ఒకదానికే హాజరుపట్టీ ఉంటుందనీ నాగరిక ప్రపంచం ఇకనైనా ఒప్పుకుని తీరాలి అని, లిఫ్టు నాలుగో అంతస్తు దాటుతుండగా అతను తీర్మానించాడు. అతనికి తీర్మానాలన్నీ లిఫ్టులోనే తోస్తాయి. ఆరో అంతస్తులో తలుపు తెరుచుకోగానే పోతాయి.

ఆరో అంతస్తులో ఉన్నది ఒక జీవిత బీమా సంస్థ వారి పరిశీలన విభాగం. ఫలానా వారు చనిపోయారని వచ్చిన కాగితాలు చూసి, వారు నిజంగానే చనిపోయారా అన్నది తేల్చడం అతని ఉద్యోగం. పద్నాలుగేళ్ళుగా తేలుస్తున్నాడు. (ఇంతవరకూ ఒకాయన మాత్రం బతికున్నట్టు తేలింది. సంస్థ నుంచి ఉత్తరం అందాక ఆయన కూడా ఎంతోకాలం ఉండలేదు.)

విభాగంలో అతన్ని ఆవులింత అంటారు. శుక్రవారాలు తెచ్చిపెట్టిన పేరది. ప్రతి గురువారం రాత్రి తొమ్మిదింటికి, ఒక టైర్ల కొట్టు కింద ఉన్న హాల్లో నలుగురు మనుషులు వాయిస్తారు. పదిహేడు మెట్లు దిగాలి. పైన రబ్బరు వాసన, కింద చెమ్మ వాసన, నలభై కుర్చీలు, వాటిలో మూడు కుంటివి. అక్కడ ఒకటే కట్టుబాటు: పగలు ఏం చేస్తావని ఎవరూ ఎవర్నీ అడగరు. పేర్లు కూడా అడగరు. సాక్సఫోన్ వాయించే ఆవిడ సాక్సఫోనావిడ. డ్రమ్ములాయన డ్రమ్ములాయన. అతను వెనక బల్ల.

ఆఖర్న వాళ్ళు పంతొమ్మిది నిమిషాలపాటు ఒక నెమ్మదైన బాణీ వాయిస్తారు. మొదటి పది నిమిషాల్లో ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడాన్నే సాక్సఫోనావిడ ఎంతో శ్రద్ధగా, పిల్లాడికి అన్నం కలిపినంత ఓపిగ్గా వాయిస్తుంది. పన్నెండో నిమిషం దగ్గర అతనిలోంచి ఒక మనిషి లేచి, కుర్చీ వెనక్కి జరుపుకుని, చప్పుడు చెయ్యకుండా బయటికి వెళ్ళిపోతాడు. కాగితాలు చూసేవాడు వాడు. మిగిలిన ఏడు నిమిషాలూ అతను ఎవరూ కాదు. వారంలో అతనికి నిజమైన విశ్రాంతి ఆ ఏడు నిమిషాలే. తక్కిన వారమంతా వాటికి కట్టిన ప్రహరీగోడ.

అతనుండేది అక్కా బావల ఇంట్లో, పైగదిలో. అక్కకి ఈ ఏర్పాటు మొత్తం మీద ఒకటే అభ్యంతరం. "రాత్రి మేలుకోడానికి ఓ చోటికి వెళ్తావు, పగలు కునికిపాట్లు పడ్డానికి ఇంకో చోటికి వెళ్తావు. ఇంటికెందుకు వస్తున్నట్టురా?" అని ప్రతి శుక్రవారం పొద్దున్న అడుగుతుంది. జవాబు ఆశించదు.

ఇది ఇలాగే సాగిపోయేది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు పడతాడంటారు గానీ, రెండు పడవలూ ఒకదాన్నొకటి చూసుకోనంతకాలం పడడు. పొరపాటు పదిహేడో గడిలో జరిగింది.

సంస్థలో ఏడాదికోసారి సిబ్బంది వివరాల పత్రం నింపాలి. అందులో పదిహేడో గడి, అభిరుచులు. అక్కడ 'పుస్తక పఠనం' అని రాయాలని ఏ నిబంధనలోనూ లేదు. అయినా చేరిన రెండో రోజుకే అందరికీ తెలిసిపోతుంది. కాస్త దూకుడు మనుషులు 'తోటపని' అని కూడా రాస్తారు. (బాల్కనీ కూడా లేని ఇంట్లో ఉంటున్న విభాగాధిపతి ఇరవై రెండేళ్ళుగా తోటపని చేస్తున్నారు.) ఆ పత్రం వచ్చింది శుక్రవారం ఉదయం. నిద్రమత్తులో ఉన్నాడు. ఆ గడిలో నిజం రాశాడు. 'సంగీతం. ఎదురుగా కూర్చుని. గురువారాలు, రాత్రి తొమ్మిది నుంచి.' సంస్థ చరిత్రలో అలాంటిది జరగడం అదే మొదలు.

సోమవారం సమతుల్యాధికారి స్వయంగా అతని బల్ల దగ్గరికి వచ్చారు.

ఉద్యోగానికీ జీవితానికీ సమతుల్యం చేకూర్చే శాఖ ఒకటి సంస్థలో పుట్టి అప్పటికి పదహారు నెలలు. అధికారి ఉన్నారు, గది ఉంది, గోడకి నవ్వుతున్న మనుషుల పటాలున్నాయి. ఉద్యోగాలు కూడా కావలసినన్ని ఉన్నాయి. జీవితమే దొరకలేదు. పుస్తక పఠనాన్ని దేనితో తూచాలో తెలియక శాఖ చేతులు ముడుచుకుని కూర్చుంది. అలాంటి సమయంలో ఆ పత్రం ఆయన బల్ల మీదికి చేరింది. ఆయన మెత్తని మనిషి. ఎదుటివాడు చెప్పేదంతా విని తల ఊపుతారు. విన్నది ఆ ఊపులోనే రాలిపోతుంది.

"మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదండీ. ఆదుకోడానికొచ్చాను," అన్నారాయన.

పద్నాలుగేళ్ళ సర్వీసులో అతను అంతగా భయపడింది లేదు.

ఆదుకోవడానికి పదకొండు కాగితాలు కావలసి వచ్చాయి. చెవులు రెండూ పనిచేస్తున్నట్టు డాక్టరు ఇచ్చినది ఒకటి. హాల్లో సంగీతమే జరుగుతున్నట్టు టైర్ల కొట్టు యజమాని ఇచ్చినది ఒకటి. కుటుంబానికి అభ్యంతరం లేదని ఒకటి. (అక్క సంతకం పెట్టి, అభ్యంతరాలు విడిగా రెండు పేజీలు రాసి జతపరిచింది. ఆ పేజీలు కూడా ఫైల్లో చేరాయి. వాటికీ ఒక నంబరు పడింది.) పదకొండోది ఫొటో, దరఖాస్తుదారు సంగీతం వింటూ ఆనందిస్తుండగా తీసినది.

ఆ గురువారం పక్క కుర్చీలో ఉన్నాయన్ని అడిగి తీయించుకున్నాడు. మర్నాడు భోజనాల బల్ల దగ్గర ఆ ఫొటో చుట్టూ తిరిగింది.

"ఇదేంట్రా, పన్ను పీకుతుండగా తీశారా?" అంది అక్క.

బావ కళ్ళజోడు తెచ్చుకుని, చాలాసేపు చూసి, "పన్ను కాదే, కిడ్నీలో రాయి. ఆ మొహం నాకు తెలుసు," అన్నాడు.

అతనూ చూశాడు. కళ్ళు సగం మూసుకుపోయాయి. నోరు వేలాడుతోంది. నుదురు ముడిపడి ఉంది. ఆ మొహం అద్దంలో ఎన్నడూ చూసింది కాదు. అద్దం ముందు నిలబడ్డవాడికి అలాంటి మొహం రాదు, అక్కడ చూసేవాడొకడు ఎప్పుడూ ఉంటాడు కాబట్టి. ఎవరూ లేనప్పుడు తన ఇంట్లో ఏం జరుగుతుందో చూసినట్టయి, అతను ఫొటో బోర్లా పెట్టేశాడు.

సమతుల్యాధికారి కూడా సానుభూతితోనే చూశారు. "ఇందులో ఆనందం కనబడ్డం లేదండీ. బాధ కనబడుతోంది. బాధకి వేరే ఫారం ఉంది, అది మా శాఖ కాదు," అన్నారు. పళ్ళు కనబడేలా ఇంకొకటి తీయించుకు రమ్మన్నారు.

అతను తన బల్ల దగ్గరికి తిరిగొచ్చి కూర్చున్నాడు. ముందర ఆరుగురు చనిపోయినవాళ్ళున్నారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క కాగితం. మనిషి పోయాడని సంస్థ నమ్మడానికి ఒక డాక్టరు సంతకం చాలు. ఆ మనిషికి ఒక బాణీ ఇష్టమని నమ్మడానికి మాత్రం పదకొండు కావాలి, అందులో ఒకటి పళ్ళతో. ఇందులో అన్యాయమేమైనా ఉందా అని ఆలోచించాడు. ఉద్యోగి దృష్టితో చూస్తే లేదు. చావు విషయంలో అబద్ధమాడేవాళ్ళు అరుదు.

పళ్ళ ఫొటో ఆమోదం పొందింది. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం నివేదిక ఇవ్వాలి. ముందురోజు కలిగిన ఆనందం పదికి ఎంత? ఆరుకి తగ్గితే కారణం రాయాలి. తొమ్మిదికి మించితే ఉద్యోగం మీద శ్రద్ధ తగ్గే ప్రమాదమున్నట్టు లెక్క, సలహాదారుని కలవాలి. అతను ఏడు వేస్తూ వచ్చాడు. అయితే నివేదిక కాగితం మీద ఆగలేదు. మరుసటి గురువారం పన్నెండో నిమిషం వచ్చింది. అతనిలోని కాగితాల మనిషి లేవలేదు. కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుని, పెన్ను తీసి, ఇప్పుడెంత, ఏడా, ఏడున్నరా అని అడిగాడు. ఆ తర్వాతి వారం కూడా అడిగాడు. బాణీ పూర్తయ్యాక అందరూ చప్పట్లు కొడుతుంటే, ఏం విన్నాడో అతనికి గుర్తులేదు. ఎంత వేశాడో గుర్తుంది.

శాఖ మాత్రం ఉత్సాహంగా ఉంది. మెడలో గుర్తింపు కార్డులు వేసుకుని పదకొండు మంది సిబ్బంది ఒక గురువారం తనిఖీకి వచ్చారు. (డ్యూటీ మీద విన్నందుకు వాళ్ళకి మర్నాడు సెలవు. వాళ్ళని ఎవరూ ఆవులింత అనలేదు.) వాళ్ళ పరిశీలన మూడు పేజీలు. దీపాలు మసకగా ఉన్నందున చిరునవ్వులు లెక్కించడం కష్టమైంది. వాయిస్తున్నవారు మాటిమాటికీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ముందస్తు సన్నాహం లేదని సూచిస్తోంది. చివరి అంశంలో మొదటి పది నిమిషాలకీ ఫలితం ఏమీ నమోదు కాలేదు.

ఆ పేజీల ఆధారంగా ఒక ఒప్పందం తయారైంది. ఇకపై ఆ నలుగురూ సంస్థకి అనుబంధ సంగీత సరఫరాదారులు. ఉద్యోగుల నిద్ర దృష్ట్యా ఎనిమిదిన్నరకల్లా ముగించాలి. ఏ అంశమూ ఏడు నిమిషాలకి మించరాదు. ఒప్పందం నకలు టైర్ల కొట్టు యజమానికి కూడా వెళ్ళింది. ఆయన సంస్థ ముద్ర చూసి బెంబేలెత్తి, కుక్కిన పేనై, సంతకాలయ్యేదాకా కింది తలుపు తియ్యనన్నాడు.

అలా ఒక గురువారం మధ్యాహ్నం, టీ విరామంలో, ఆరో అంతస్తు వరండాలో, సమతుల్య శాఖ గది ముందున్న బెంచీ మీద అతనికి సాక్సఫోనావిడ కనబడింది.

ట్యూబులైటు వెలుతురులో ఇద్దరూ ఒకర్నొకరు చూసి తత్తరపడ్డారు. ఆవిడ మెడలో ఏదో విద్యుత్తు కార్యాలయం కార్డు ఉంది, వేళ్ళకి స్టాంపు సిరా ఉంది. అతని చంకలో చనిపోయినవాళ్ళున్నారు. ఇన్నేళ్ళ కట్టుబాటు ఆ వరండాలో చెడిపోయింది. ఆవిడే ముందు తేరుకుంది.

"వెనక బల్ల మీరేనా?"

"నేనేనండీ."

"ఇక్కడ ఇలా ఉంటారన్నమాట." ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, ఒళ్ళో ఉన్న ఒప్పందం మీద పెన్నుతో కొట్టింది. "నాలుగింటికల్లా సంతకం పెట్టాలట. ఆ పెద్దదాన్ని ఏడు నిమిషాలకి కుదించాలట. మొదటి పదీ, ఇంకో రెండూ తీసేస్తే మిగతాది నిలబడుతుంది కదండీ అంటాడు మీ ఆఫీసరు. గ్రాఫ్ కూడా చూపించాడు."

డ్రమ్ములాయన ఏమన్నాడని అడిగాడతను. ఆయన పగలు పళ్ళసెట్లు చేస్తాడట. గొడవెందుకు, పెట్టెయ్యమన్నాడట. మిగతా ఇద్దరూ నీళ్ళు నములుతున్నారట.

"వీళ్ళకి మేమెలా తెలిశాం?" అంది ఆవిడ.

అతను చెప్పాడు. పదిహేడో గడి సంగతి అంతా చెప్పాడు. ఆవిడ కోప్పడితే బాగుండుననుకున్నాడు. కోప్పడలేదు. మతి పోయినవాణ్ణి చూసినట్టు చూసింది.

"ఆ గడిలో ఎవరైనా నిజం రాస్తారా అండీ? మా ఆఫీసులో నేను అల్లికలు అని రాశాను. పదకొండేళ్ళయింది. ఓ మేజోడు అల్లి పెట్టమని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు."

"పొరపాటైపోయింది."

"మీకు పొరపాటు. మాకు పన్నెండు నిమిషాలు."

ఆవిడ పెన్ను మూత తీసింది. పెట్టింది. గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. అతను ఫైళ్ళు కిటికీ గట్టు మీద దించి, సమతుల్య శాఖ గదిలోకి వెళ్ళాడు.

దరఖాస్తు వెనక్కి తీసుకునే వీలుందా అని అడిగితే, అధికారి ఎప్పటిలాగే చివరిదాకా విని తల ఊపారు. వీలుంది. లబ్ధిదారుడు అతనొక్కడే కాబట్టి, అతను లేకపోతే ఆ హాలుతో శాఖకి పనిలేదు. ఒప్పందం రద్దవుతుంది, తలుపు తీసుకోవచ్చని టైర్లాయనకి ఈ పూటే కబురు చేస్తారు, ఫైలు మూసేస్తారు. అతను చెయ్యవలసిందల్లా తన అభిరుచిని ఉపసంహరించుకుంటున్నట్టు ఒక ప్రకటన ఇవ్వడం.

"ఆ తర్వాత మీరు అక్కడ వింటూ కనబడితే మటుకు అది తప్పుడు ప్రకటన కిందికొస్తుందండీ. ఉద్యోగం పోతుంది," అన్నారాయన నొచ్చుకుంటూ. తన వంతు సాయంగా, "వినకుండా కూర్చుంటే ఫరవాలేదు," అని కలిపారు.

కాగితం వచ్చింది. ఒకే వాక్యం. తనకు సంగీతం పట్ల ఎట్టి ఆసక్తీ లేదనీ, ఉన్నట్టు గతంలో పేర్కొనడం పొరపాటు వల్ల జరిగిందనీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. అతను పద్నాలుగేళ్ళుగా ఇతరుల ప్రకటనలు చదివినవాడు, అబద్ధమెక్కడుందో వేలు పెట్టి చూపగలడు. ఇందులో వేలు ఎక్కడ పెట్టినా తగులుతోంది. రెండోసారి చదివాడు. చదువుతుండగా లోపలెక్కడో, ఎవరూ అడగకుండానే, ఆ బాణీ మొదటి పది నిమిషాలూ మొదలయ్యాయి. అందులో ఏమీ జరగడం లేదు. ఎంత అని కూడా ఎవరూ అడగడం లేదు.

సంతకం చేశాడు. తేదీ వేశాడు. అలవాటు కొద్దీ, దీనికి ఏమేం జతపరచాలని అడిగాడు.

"ఏమీ అక్కర్లేదండీ," అన్నారు సమతుల్యాధికారి, ముద్ర వేస్తూ. "ఇష్టం లేదంటే మేం ఎవరి మాటైనా నమ్ముతాం."